ఏడ్చే చోట నవ్వు

సోమవారం ఇమోజీన్ బ్యూటీ పార్లర్‌కి సెలవు. షికాగో దక్షిణ భాగంలో ఏ పార్లరైనా అంతే.

ఆ మధ్యాహ్నం అక్కడ జుట్టు కత్తిరించరు. వెర్నెటా క్రేన్ పాటలు వింటారు.

ఆవిడ అభిమాన సంఘం సభ్యులంతా జుట్టు ఆరబెట్టే యంత్రాల కింద బారుగా కూర్చుంటారు. వెర్నెటా పోయి చాలా కాలమైంది. అందరూ పాడిన పాత పాటలే ఆవిడా పాడింది. కానీ ఆవిడ పాడింది విన్నాక, మిగతావాళ్లంతా ఇంకా సాధన చేస్తున్నట్టే ఉంటుందని ఇమోజీన్ వాదన.

"వాయిద్యాలు ముందు పరిగెడుతుంటే, ఆవిడ చూడండి, వెనక తీరిగ్గా నడిచొస్తుంది. బస్సు తనకోసం ఆగుతుందని తెలిసినట్టు!"

ఇవాళ మాత్రం అక్కడ గొడవ జరుగుతోంది. గొడవంతా ఒక నవ్వు గురించి.

వెర్నెటా ఒక క్లబ్బులో జనం ముందు పాడుతుండగా తీసిన రికార్డు ఉంది. కన్నీళ్ల పాట మధ్యలో ఆవిడ మాటలు మరిచిపోతుంది. 'మాట మరిచాను, తెలిసినవాళ్లు చెప్పండి' అని అదే వరుసలో పాడేస్తుంది. అప్పుడు ఓ ఆడపిల్ల నవ్వుతుంది. చాటలో బియ్యం చెరిగినట్టు మొదలై, పిల్లి తుమ్మినట్టు ఆగే నవ్వు. వెంటనే ఎక్కడో తలుపు ధడేలుమంటుంది.

అక్కణ్ణించి వెర్నెటా ఆ పాటని పాడినట్టు ఇంకెవరూ పాడలేదు. తర్వాత ఆవిడా పాడలేదు.

"ఆ నవ్వే ఆవిడ చేత అలా పాడించింది," అంది ఇమోజీన్.

"కిరాయి నవ్వు!" అన్నాడు పోస్టాఫీసులో రిటైరైన థర్మన్. "తర్వాత స్టూడియోలో అతికించారు. ఆ తలుపూ స్టూడియోదే. డబ్బు తీసుకుని నవ్వింది, తలుపేసుకుని పోయింది."

అదే పాటకి స్టూడియో రికార్డూ, క్లబ్బు రికార్డూ రెండూ విని, ఎవరి మాట నిజమో ఇవాళ అందరూ చేతులెత్తి తేల్చాలి. థర్మన్ గెలిస్తే సోమవారాలు అతనింటికి మారతాయి. అక్కడ పెద్ద స్పీకర్లున్నాయి. ప్రతి పాటకీ ముందు ఉపన్యాసం కూడా ఉంటుంది.

"ఇన్నాళ్లూ హెయిర్ స్ప్రే వాసనలో విన్నాం. ఇక మనుషుల్లా విందాం."

"మీ ఇంట్లో మీ గొంతు తప్ప ఇంకేం వినబడుతుంది, థర్మన్ గారూ?"

అప్పుడే ముందు గది దాటుకుని ఒక ముసలావిడ లోపలికి తొంగి చూసింది. మఫ్లరు నిండా మంచు.

"బస్సొచ్చేదాకా కూర్చోనా తల్లీ? మంచు దంచేస్తోంది."

"కూర్చోండమ్మా. మాట్లాడకూడదు, అంతే."

"ఊపిరి పీల్చుకోవచ్చుగా?"

ఇమోజీన్ మొదట స్టూడియోలో తీసిన రికార్డు పెట్టింది. అందులో మాటలన్నీ సరిగ్గానే ఉంటాయి. గుండె పిండే ఆ చరణం వచ్చింది. చేతి రుమాళ్లు బయటికొచ్చాయి.

కొత్తావిడ మఫ్లర్లో మొహం దాచుకుంది. భుజాలు అదురుతున్నాయి.

పాపం ఏడుస్తోందనుకుంది ఇమోజీన్. కాస్త పరకాయించి చూస్తే, నోరు నొక్కుకుని నవ్వుతోంది!

ఇమోజీన్ రికార్డు మీంచి ముల్లు ఎత్తేసింది. "ఏమ్మా, ఇది ఏడ్చే చోటు."

"తెలుసు బంగారం. మాటలన్నీ సరిగ్గా పాడేసరికి ఆపుకోలేకపోయా."

"ఇదీ మన ఇమోజీన్ సభామర్యాద!" అన్నాడు థర్మన్, అందరివైపూ తిరిగి.

ఇమోజీన్ చెవులు వేడెక్కాయి. "ముందు గదిలో కూర్చోండమ్మా. బస్సు అక్కణ్ణించే బాగా కనిపిస్తుంది."

"అలాగేలే. ఈ పాటకి నన్ను బయటికి పంపడం కొత్తేం కాదు."

వెళ్తున్న మనిషిని ఉత్త చేతులతో పంపడానికి మనసొప్పక, ఇమోజీన్ ఓ కేకు ముక్క చేతిలో పెట్టి తలుపు వేసింది.

తర్వాత క్లబ్బు రికార్డు పెట్టింది. థర్మన్ కళ్లు మూసుకుని, గెలిచినవాడిలా వెనక్కి వాలాడు.

వెర్నెటా మాట మరిచింది. అదే వరుసలో అడిగేసింది.

నవ్వు వినిపించింది. రెండు నవ్వులు.

ఒకటి రికార్డులోంచి. ఒకటి తలుపు అవతలి నుంచి. అదే చాట, అవే బియ్యం, చివర అదే పిల్లి తుమ్ము. రెండోది కాస్త బొంగురు పోయింది, అంతే.

థర్మన్ కళ్లు తెరుచుకున్నాయి. నోరు కూడా.

రికార్డులో తలుపు ధడేలుమంది. ఇమోజీన్ ముల్లు ఎత్తి, పరుగున వెళ్లి తన తలుపు బార్లా తీసింది.

"తిట్టకు తల్లీ, ఈసారీ ఆగలేదు," అంది ఆవిడ, ఒళ్లో కేకు పొడి దులుపుకుంటూ. "అయినా దీన్ని రికార్డు చేశారని నాకేం తెలుసు?"

"అయితే ఆ తలుపు చప్పుడు..." అన్నాడు థర్మన్.

"ఆ క్లబ్బుకి వచ్చినవాళ్ల చలికోట్లు తీసి భద్రంగా తగిలించే పిల్లని నేను. పాట వినాలని లోపలికి దూరాను. నవ్వగానే మేనేజరు రెక్క పట్టుకుని బయటికి తోసి, తలుపేశాడు. పనీ పోయింది."

చేతులెత్తమని ఎవరూ అడగలేదు. అందరికంటే ముందు థర్మన్ చెయ్యే లేచింది.

"హెయిర్ స్ప్రే వాసన బాగానే ఉంటుందిలే," అని గొణిగాడు.

ఇమోజీన్ రాణిలా నవ్వి, ఆవిడ్ని తీసుకొచ్చి తన కుర్చీలోనే కూర్చోబెట్టింది. కిటికీ బయట బస్సు వచ్చింది, ఆగింది, పోయింది. ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

"మరైతే, తలుపేశాక వెర్నెటా ఏం పాడిందమ్మా?" అంది ఆవిడ.

థర్మన్ టోపీ తీసి, తనే వెళ్లి, ఆ తలుపు చప్పుడు పక్కనే ముల్లు పెట్టాడు. ఆ గదిలో అందరికీ కంఠతా వచ్చిన ఆ చరణాన్ని, అది పుట్టడానికి కారణమైన మనిషి మొట్టమొదటిసారి విన్నది.