ఎడమకు లాగే బండి

ఎర్రకారు పది అడుగులు తిన్నగా పోయి, ఎడమకు తిరిగి, నాలుగో గుమ్మం తలుపును ఠక్కున గుద్దింది.

మేస్త్రి చేతిలో రిమోట్‌తో వరండా మొదట్లో అలాగే నిలబడిపోయాడు.

లోపల కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. తలుపు తెరుచుకుంది. టైలరమ్మ కిందికి చూసి కారును తీసింది. బట్ట మీద గీతలు గీసే నీలం సుద్ద ఆమె వేళ్లకు అంటుకుని ఉంది.

"మీదేనా?"

"మా అక్క మనవడిదండీ. స్టీరింగ్ ఎడమకు లాగుతోందని నాకు పంపింది."

"మీరు లారీల చక్రాలు సరిచేసేవారట గదా?"

"నలభై ఏళ్లు."

"మరి ఇది లారీకన్నా మొండిదా?"

ఒకే అంతస్తులో ఆరేళ్లుగా ఉంటున్నారు. ఎదురుపడితే తల ఊపడమే తప్ప ఇన్ని మాటలు దొర్లడం అదే మొదలు.

షెడ్డు మూసేసి మూడేళ్లయింది. అప్పటినుంచి మేస్త్రి నోటికి పని తగ్గిపోయింది. పొద్దున పాలవాడితో ఒక మాట. ఆ తరవాత రేడియో మాట్లాడితే ఆయన వినడమే. వరండాలో ఆ కుట్టుమిషన్ చప్పుడు ఆగితే మధ్యాహ్నమైందని లేచి ఒక్క కంచం పెట్టుకునేవాడు.

ఆ సాయంత్రం బల్ల మీద పాత పేపరు పరిచి కారును బోర్లించాడు. ముందు బండి కిందికి చూడాలి, తరవాతే చెయ్యి వెయ్యాలి. షెడ్డులో ఆయన అందరికీ చెప్పిన పాఠం అదొక్కటే. ముందు చక్రాల మధ్య పెసరగింజంత మీట ఉంది. అది ఎడమ పక్కకు జరిగి ఉంది. గోటితో మధ్యకు నెట్టాడు. అంతే, పని అయిపోయింది.

అర నిమిషంలో అయిపోయినందుకు ఎందుకో దిగులేసింది.

రెండో రోజు ఐదింటికి కారు గీత గీసినట్టు వరండా చివరిదాకా పోయింది. టైలరమ్మ అప్పటికే గుమ్మంలో ఉంది. కారు తన ముందునుంచి పోవడం చూసి, తనే వెళ్లి తీసుకొచ్చింది.

"చక్రాలకు దారాలు చుట్టుకున్నాయి. నా గుమ్మం ముందంతా అవేగా. ఉండండి, తీసిస్తాను."

లోపలికి తీసుకెళ్లి కాసేపటికి తెచ్చిచ్చింది.

"బాగైపోయినట్టేనా?"

"అయినట్టేనండీ."

"అయితే నా తలుపు బతికిపోయింది," అంది. నవ్వలేదు.

మూడో రోజు కారు మళ్లీ ఎడమకు లాగింది. మళ్లీ నాలుగో గుమ్మం, మళ్లీ ఠక్కున చప్పుడు.

"బాగైందన్నారు?"

"అన్నానండీ."

"ఆ నలభై ఏళ్ల లారీలు ఇప్పుడు ఏ ఊళ్లో తిరుగుతున్నాయో పాపం. చేరాల్సిన ఊరు ఒకటి, చేరిన ఊరు ఒకటి అయ్యుంటుంది."

మేస్త్రి కారు తెచ్చుకున్నాడు. పేపరు పరిచి బోర్లించాడు. చాలాసేపు చూశాడు. తరవాత పళ్లచక్రాలకు నూనె వేశాడు. నాలుగు మరలూ బిగించాడు. బ్యాటరీ గది తుడిచాడు.

నాలుగో రోజూ అంతే. ఐదో రోజూ అంతే.

ఆరో రోజుకు టైలరమ్మ గుమ్మం పక్కన రెండు స్టూళ్లు వెలిశాయి. ఏడో రోజుకు రెండు గ్లాసుల టీ వచ్చింది.

"మా ఆయన పోయాక ఈ ఇంటికొచ్చేది కొలతలిచ్చేవాళ్లే," అంది చక్రానికి చుట్టుకున్న దారం లాగుతూ. "చేతులు చాపి బొమ్మల్లా నిలబడతారు. నోరు మాత్రం విప్పరు."

"లారీవాళ్లు నయమండీ. తిట్టేవాళ్లు."

ఈసారి ఆమె నవ్వింది.

ఆ మర్నాడే అక్క ఫోన్ చేసింది. "ఒరే, ఆదివారం వస్తున్నా. సోమవారం పిల్లాడి పుట్టినరోజు. బండి బాణంలా పోవాలి."

సాయంత్రం ఆ మాట చెబితే టైలరమ్మ టీ గ్లాసు కింద పెట్టేసింది.

"పోనీలెండి. మీకు పీడ విరగడవుతుంది."

"మీ తలుపుకి కూడా."

ఇద్దరూ కారు వంక చూస్తూ కూర్చున్నారు. టీ మీద మీగడ కట్టింది.

ఆదివారం అక్క వస్తూనే రిమోట్ లాక్కుంది. కారు పది అడుగులు పోయింది. ఎడమకు తిరిగింది. ఠక్.

"ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడ్డట్టుంది నీ పని," అంది అక్క. "పది రోజులు ఏం చేశావురా?"

"అన్నీ విప్పి చూశానక్కా."

"చూశావులే. ఇది వాడి చేతికిస్తే గోడకేసి కొడతాడు. నేను కొత్తది కొంటాను. దీన్ని నువ్వే ఏడిపించుకో."

మెట్లు దిగిపోతూ కూడా అక్క ఏదో సణుగుతూనే ఉంది.

నాలుగో తలుపు అప్పుడు తెరుచుకుంది. టైలరమ్మ కారును రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. మెట్ల వైపు చూసి, అడుగుల చప్పుడు పూర్తిగా అణిగాక అడిగింది.

"రేపు ఐదింటికి మళ్లీ చూస్తారా, మేస్త్రిగారూ?"

"చూడాలండీ. మొండిరోగం, ఇప్పట్లో లొంగేలా లేదు."

మూడో రోజు సాయంత్రం బండి బోర్లించినప్పుడే, మధ్యకు నెట్టిన ఆ మీట తిరిగి ఎడమ కొసకు జరిగి ఉండటమూ, దాని మీద నీలం సుద్ద మరకా ఆయన కంట పడ్డాయి. ఆ మరక చెరిగిపోతుందని అప్పటినుంచి ఆ మీటను తాకనేలేదు.