కళ్ళతో వినే స్పీకరు

కొనడానికొచ్చిన పెద్దాయనకు చెవుడని తెలియగానే, స్పీకర్ డబ్బాను స్పీకరు లేకుండానే అమ్మొచ్చన్న ఆలోచన దరువు బాబాయికి తట్టింది.

బజారంతా ఆయన్ని దరువు బాబాయి అనే పిలుస్తుంది. కార్లకు స్పీకర్లు బిగించడం ఆయన పని. పాతికేళ్ళలో ఆయన కనిపెట్టిన సత్యం ఒక్కటే: కారులో పాటను చెవులతో వినేవాడు నూటికొకడు, తక్కిన తొంభైతొమ్మిది మందీ కళ్ళతో వింటారు. నీలం దీపాలు వెలిగి, చుట్టూ రింగు తళతళలాడితే చాలు, లోపల ఈగ ముసిరినట్టు మోగినా ఆహా అంటారు. మంచి స్పీకర్లు నల్లగా, దిగులుగా ఉంటాయి గనుక ఆయన కొట్టులో వాటికి చోటు లేదు.

పెద్దాయన తెల్లచొక్కా వేసుకుని, చెవిలో మిషనుతో, చేతిలో కొలతల టేపుతో వచ్చాడు.

"గట్టిగా మాట్లాడు నాయనా, నాకు వినపడదు. డిక్కీలో పెట్టే పెద్ద స్పీకర్ డబ్బా కావాలి, మా అల్లుడికి. చూస్తే కళ్ళు చెదరాలి."

"మోత ఎలా ఉండాలండీ?" అని బాబాయి అరిచాడు.

"పొడుగు రెండున్నర అడుగులు," అన్నాడు పెద్దాయన.

బాబాయి నవ్వాపుకుంటూ ఆయన ఎదుటే భార్య వైపు తిరిగాడు. "చెవిటివాడి ముందు శంఖం ఊదడం దేనికే? లోపలిదంతా పీకేస్తా. ఇంకోడి కారుకి పనికొస్తుంది."

బిల్లులు రాస్తున్న భార్యకు ఒళ్ళు మండింది. "పైన పటారం, లోన లొటారం. రేపు అల్లుడు వింటాడు కదా. కాస్తయినా మోగేది పెట్టి ఏడవండి."

"మామగారిచ్చింది బాలేదని మొహం మీద అనే అల్లుణ్ణి ఎక్కడన్నా చూశావా?"

పెద్దాయన ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి అమాయకంగా నవ్వాడు.

గంటలో డబ్బా తయారైంది. వెనక పలక విప్పి అయస్కాంతం, తీగలు అన్నీ తీసేసి, ముందు వైపు అట్ట మాత్రం అలాగే ఉంచి, దీపాలు వాటంతటవే మిణుకుమనేలా బ్యాటరీకి కలిపాడు బాబాయి. డిక్కీలో పెట్టి, ముందు తలుపుల్లోని పాత స్పీకర్లలో పాట వేశాడు. పెద్దాయన ఖాళీ డబ్బా మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, "అబ్బ, దద్దరిల్లిపోతోంది నాయనా," అన్నాడు. నవ్వు దాచుకోవడానికి బాబాయి కారు కిందికి దూరాల్సి వచ్చింది.

వారం తిరక్కుండా పెద్దాయన మళ్ళీ వచ్చి ఇంకో నాలుగు చేయించుకున్నాడు. చుట్టాలందరికీ తెగ నచ్చిందట. అచ్చం అలాంటివే కావాలని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఆ పూటంతా బాబాయి భార్య ముందు మీసం మెలేస్తూనే ఉన్నాడు.

ఆ తర్వాత పది రోజులకు కొట్టు ముందు పోలీసు జీపు ఆగింది. వెనక సీట్లో ఆ డబ్బాల్లో ఒకటి, దాని మీద కొట్టు స్టిక్కరు. ఇన్‌స్పెక్టర్ కాగితాల కట్టతో దిగాడు.

"చెప్తే విన్నారా?" అంటూ భార్య నెత్తి కొట్టుకుంది. "మోసం చేశారని ఆ చెవిటాయన కేసు పెట్టాడు. ఇంక కొట్టు మూసుకోవడమే."

ఆ కొట్టు తప్ప బాబాయికి వేరే బతుకు తెలియదు. ముందే ఒప్పేసుకుంటే రాజీతో పోతుందనుకుని, ఇన్‌స్పెక్టర్ నోరు తెరవకముందే అందుకున్నాడు.

"నేనేనండీ. దాచేదేం లేదు. ఐదు డబ్బాలూ నా చేతుల్తో నేనే ఖాళీ చేశాను. ఎవరికీ అనుమానం రాకుండా వెనక పలక బిగించిందీ నేనే. ఆ దీపాలు పెట్టింది కూడా లోపల ఏముందో ఎవరూ చూడకూడదనే."

ఇన్‌స్పెక్టర్ ఎక్కడా అడ్డు రాకుండా అంతా రాసుకుని కాగితం ముందుకు జరిపాడు. బాబాయి సంతకం పెట్టి ఊపిరి పీల్చుకున్నాడు.

"ఆ చెవిటి పెద్దాయన కాళ్ళు పట్టుకుంటానండీ. ఆయన వదిలేస్తే కేసుండదు కదా?"

"ఆయనకి చెవుడా?" ఇన్‌స్పెక్టర్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పక్కగదిలో మేం గుసగుసలాడినా వినేస్తున్నాడు. కొట్టేసిన నగలు ఈ డబ్బాల్లో పెట్టి ఊళ్ళు దాటిస్తూ దొరికాడు. డబ్బాలు తనే ఖాళీ చేసుకున్నానని, కొట్టువాడు పాపం అమాయకుడని మూడు రోజులుగా ఒట్టేసి చెబుతుంటే, నమ్మి మిమ్మల్ని సాక్షిగా రమ్మందామని వచ్చాను."