కమాను ముందు చెప్పులు

కమాను కాడికి రాగానే ముసలామె చెప్పులు విడిచింది.

వంగి రెండూ చేతిలోకి తీసుకుంది. కాలుతున్న తారు మీద మెల్లగా కమాను దాటి, ఆవలి పక్క మళ్ళీ తొడుక్కుంది.

రోజూ ఇదే. దుకాణానికి పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి.

వాచ్‌మన్ కుర్మయ్యకు అది చూస్తే ఒళ్ళు మండేది.

శామీర్‌పేట అవతల ఆ ఊళ్ళో దొర కుటుంబం ఎప్పుడో పట్నం పోయింది. కోటలాంటి వాళ్ళ గడి కూలింది. కమాను ఒక్కటే మిగిలితే వెంచర్ వాళ్ళు రంగేసి కాలనీకి గేటు చేశారు. గడి ముందు చెప్పులతో నడవకూడదన్న కాలం పోయి తరాలైంది. కుర్మయ్య బూట్లేసుకుని ఆ కమాను కిందే కుర్చీలో కూర్చుంటాడు. ఆ కొలువులో అతనికి నచ్చింది అదొక్కటే.

కాలనీ సెక్రటరీ సుధీర్ కారు అద్దం దించాడు.

“కుర్మయ్యా, ఎల్లుండి జెండా పండక్కి గెస్టులొస్తారు. ఆ టైముకి మామ్మగారు ఇటు నడిచేలా చూడు. వీడియో తీద్దాం. పాతకాలం ఎలా ఉండేదో మనవాళ్ళకి తెలుస్తుంది.”

కుర్మయ్య తల ఊపాడు. కారు పోయాక, చెప్పులు చేతపట్టుకుని తిరిగొస్తున్న ముసలామెకు అడ్డం పోయాడు.

“ఏందవ్వా గిది! ఏ ఊరి నుంచొచ్చినవో ఏమో, మా ఇజ్జత్ తీస్తున్నవ్. తొడుక్కో చెప్పులు.”

“తొడుక్కుంట, నాయినా. జర గీ కమాను దాటనియ్యి.”

“దొర లేడు, గడి లేదు. ఎవలకు భయపడుతున్నవ్?”

ఆమె చెప్పులు రెండో చేతిలోకి మార్చుకుంది.

“స్వతంత్రం కావాలని జైలుకు పోయొచ్చిండట దొర. గీ గడి మీద జెండా ఎగిరేసిండు. చూడనీకి పోయిన మా బాపు చెప్పులు చేత వట్టుకొనే నిలవడ్డడు. తొడుక్కోరా అని దొర ఒక్క మాట అన్లే. సచ్చేదాక గదే మనాది మా బాపుకు.”

“అవు. అన్లే.”

“చూసినట్టే చెప్తవేంది?”

ఆమె అతని బూట్ల వంక చూసింది.

“మంచిగున్నయ్,” అంది.

“ఇగ ఇటు రాకు. చుట్టు తిరిగి పో.”

ఆమె వెనక్కి మళ్ళింది. మరి ఆ దారిన రాలేదు. జెండా పండగ నాడు సుధీర్ వెతికి వెతికి విసుక్కున్నాడు. కుర్మయ్యకు ఇజ్జత్ దక్కింది.

వానలు వెనకబట్టాక ఒక పొద్దున ముసలామె పోయిందన్నారు. ఆమె కిరాయికున్న ఇంటాయన శంకరయ్య, పాడెకు నలుగురు కావాలని కబురు పెట్టాడు. కుర్మయ్య పోయాడు. పాడె మోసేవాళ్ళు చెప్పులు తొడగరు గనుక బూట్లు గోడవారన విడిచాడు.

“తొడుక్కో,” అన్నాడు శంకరయ్య.

“పాడె కింద బూట్లా, పెద్దయ్యా?”

“అందరు తొడుక్కోవాలె. కమాను కిందికెల్లే పోవాలె. ఆమె చెప్పి పోయింది.”

“ఏమని?”

శంకరయ్య ఆ బూట్లను తనే తెచ్చి కుర్మయ్య కాళ్ళ ముందు పెట్టాడు.

“‘నాడు మా నాయిన అనని మాట నేనంటున్న, చెప్పులు తొడుక్కోమను’ అన్నది, ఆ దొర బిడ్డ.”