పచ్చదారం ముడి

పాత కారొకటి షెడ్డు ముందుకొచ్చి, తనంతట తనే ఆగిపోయింది.

కుంటుకుంటూ ఒక పెద్దాయన దిగాడు.

"వైరమ్మ షెడ్డు ఇదేనా?"

"ఇదే. నేనే." ఆమె చేతులు గుడ్డకు తుడుచుకుంది. కార్ల వైరింగు తప్ప ఇంకో పని ముట్టదని వీధి వీధంతా కలిసి పెట్టిన పేరది.

"ఉన్నట్టుండి ఆగిపోతుందమ్మా. కాసేపటికి ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. షెడ్డుకు తెస్తే మాత్రం మహా బుద్ధిమంతురాలు."

"ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు బడిపిల్లల్లాగా."

పెద్దాయన నవ్వి, తాళాల గుత్తిలోంచి కారు తాళంచెవి ఒక్కటే ఊడదీసి ఇచ్చాడు. గుత్తి జేబులో వేసుకున్నాడు.

అందరూ చేసే పనే. ఇంటి తాళాలు షెడ్డులో ఎవరిస్తారు?

ఆమె బానెట్ ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

వైర్ల అతుకు అతుకుకూ పచ్చదారం. రెండేసి ముడులు.

అలా కట్టే మనిషి ఒక్కరే. నాన్న.

"ఆ ముడులు మాత్రం విప్పకమ్మా. ఇన్నేళ్ళూ ఎవరినీ ముట్టనివ్వలేదు," అన్నాడు పెద్దాయన.

ఆమె ఒళ్ళు భగ్గుమంది.

నాన్న బండంతా ఇలా కట్టింది ఒక్క మిల్లు యజమాని కారుకే. పన్నెండేళ్ళ కిందట రిపేరు చేసి పంపిన మర్నాడే ఈ కారు వంతెన మీద ఆగిపోయింది. వెనకనుంచి లారీ గుద్దింది. మిల్లు యజమాని భార్య పోయింది.

యజమాని ఈ గుమ్మంలోనే నిలబడి, కారు తాళంచెవి ఉన్న అరకిలో మిల్లు తాళాల గుత్తి నాన్న మొహం ముందు ఆడిస్తూ అరిచాడు. "వైరు వదులుగా వదిలేశావు! నీ చేతులు పడిపోను!"

నాన్న ఆ రోజు కింద పెట్టిన స్క్రూడ్రైవరు మళ్ళీ ముట్టలేదు. కోర్టులో ఏం జరిగిందో ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు. తన చేతులే ఆ ప్రాణం తీశాయని నమ్మి, వెనక గదిలో గోడకేసి చూస్తూ కూర్చుంటాడు.

అప్పుడామెకు పదేళ్ళు. తలుపు చాటునుంచి అంతా చూసింది. ఆ కారు ఎప్పటికైనా తన చేతికి చిక్కాలని కోరుకోని రోజు లేదు.

ఇవాళ చిక్కింది.

"చుట్టుపక్కల షెడ్లన్నీ అయ్యాక మా దగ్గరికా? ముందే రావడానికి మొహం చెల్లలేదా?"

"చెల్లలేదమ్మా." పెద్దాయన తలదించుకున్నాడు. "మీ నాన్నగారు ఉన్నారా?"

"ఉన్నారు. మీకెందుకు?"

"లోపం దొరకనీ. అప్పుడు ఆయన ముందుకు వెళ్తాను."

మళ్ళీ వేలెత్తి చూపడానికన్నమాట! యజమాని పంపిన మనిషికి ఇంకేం పని, అనుకుంది ఆమె.

గంటన్నర వెతికింది. కాయిల్ బాగా వేడెక్కనిచ్చింది. ప్లగ్గులు చూసింది. వైర్లు కదిపి చూసింది. ఇంజను తొణకలేదు, బెణకలేదు.

"మీరే నడపండి. పక్కన కూర్చుంటాను."

పెద్దాయన తాళంచెవిని మళ్ళీ గుత్తికి తగిలించి స్టార్ట్ చేశాడు.

వీధి మలుపులో గతుకు వచ్చింది. గుత్తి ఊగింది. ఇంజను టక్కున ఆగింది.

ఆయన దిగి బానెట్ ఎత్తుతుంటే, ఆమె గుత్తిని మెల్లగా పైకెత్తి పట్టుకుంది. స్టీరింగు ముందరి ఎర్రలైటు వెలిగింది. వదిలేసింది. ఆరిపోయింది.

మిల్లు తాళాలన్నీ ఏళ్ళ తరబడి వేలాడి, తాళంచెవి తిప్పే స్విచ్చిని లోలోపల అరగదీశాయి. ఇప్పుడు ఏ గుత్తి ఊగినా కరెంటు తెగుతోంది. షెడ్లలో ఒంటి తాళంచెవి ఇస్తే ఎవరికి దొరుకుతుంది?

నాన్న ముడి కాదు. నాన్న మొహం ముందు ఆడించిన ఆ గుత్తే!

ఆమెకు నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. నాన్నకు ఈ క్షణమే చెప్పాలి. వీళ్ళకు మాత్రం చచ్చినా చెప్పకూడదు. బతికినన్నాళ్ళూ వెతుక్కోనీ.

"ఏమైనా తెలిసిందా తల్లీ?" షెడ్డుకు తిరిగి రాగానే అడిగాడు పెద్దాయన.

"ఏమీ లేదు."

"ఏమీ లేదా?"

"కారులో లేదు, మీ రాతలో ఉంది. తీసుకెళ్ళి పాత ఇనుము కొట్లో పడెయ్యండి."

"ఇదే ఆఖరి షెడ్డమ్మా."

"అయితే ఆఖరి మాటా ఇదే."

ఆయన వెనక గది తలుపుకేసి చాలాసేపు చూశాడు. కుంటుకుంటూ వెళ్ళి కారెక్కాడు.

ఆమె కడుపు చల్లబడింది. ఒక్క పరుగున వెనక గదిలోకి వెళ్ళింది.

"నాన్నా, నీ తప్పు కాదు! తాళాల గుత్తి బరువుకి స్విచ్చి అరిగిపోయింది. కళ్ళారా చూశాను!"

నాన్న నీరసంగా నవ్వాడు. "కిందటేడు లారీవాడి తప్పన్నావు. అంతకుముందు కాయిల్ తప్పన్నావు. నా మనసు కుదుటపడాలని నువ్వల్లే కతలు నాకు తెలీవా, బంగారూ?"

"ఈసారి నిజం నాన్నా! ఆ కారే ఇప్పుడు మన షెడ్డుకొచ్చింది!"

నాన్న లేచి నిలబడ్డాడు. పన్నెండేళ్ళ తర్వాత ఆయన చెయ్యి స్క్రూడ్రైవరు కోసం తడిమింది.

"ఏది? చూపించు. ఒక్కసారి నా చేత్తో ఆ గుత్తి ఊపి చూస్తాను."

నాన్నను అక్కడే ఉండమని, ఆమె స్కూటరు మీద గంటసేపు ఆ కారు కోసం ఊరంతా వెతికి, చివరికి తనే చెప్పిన పాత ఇనుము కొట్టుకి వెళ్ళింది.

అక్కడ కార్లు నొక్కే యంత్రం అప్పటికే ఆగి ఉంది. కారు చదరపు ఇనుప ముద్దయి ఉంది. దాని పక్కనుంచి పచ్చదారం కొస ఒకటి వేలాడుతోంది.

"ఇందులో స్విచ్చి..."

"ఇందులో స్విచ్చి ఏం వెతుకుతావమ్మా?" అన్నాడు కొట్టతను. "ఆ పెద్దాయన పన్నెండేళ్ళ కిందట నా దగ్గరే తుక్కు కింద కొని బాగుచేసుకున్నాడు పాపం. ఇవాళ దగ్గరుండి నొక్కించి, కళ్ళు తుడుచుకుంటూ వచ్చిన బస్సెక్కేశాడు. ఎక్కడికని అడిగితే చెప్పలేదు."

"ఆయన... మిల్లు యజమాని మనిషే కదా?"

"యజమాని మనిషా? మెకానిక్ కట్టిన ముడి ఒక్కటీ ఊడలేదని కోర్టులో ఒకే ఒక్కడు సాక్ష్యం చెప్పి, కొలువు పోగొట్టుకుని, ఆ మాట రుజువు చెయ్యడానికే ఇన్నేళ్ళూ ఈ బండిని షెడ్డు షెడ్డుకూ తిప్పిన ఆనాటి డ్రైవరమ్మా అతను!"