కడలూరు రేవులో ఎండుచేపలు

యుద్ధంతో పెట్రోలు కరువై లారీలు దొరక్క, ధర్మపురి చింతపండు వర్తకుడు వీరరాఘవన్ ఈసారి సరుకును తానే ఎడ్లబండి మీద కడలూరు పాత రేవుకు తెచ్చాడు. మునుపెప్పుడూ సముద్రం చూసినవాడు కాదు. చూడగానే పైపంచె ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. ఇసుక నిండా పొలుసులు, పేగులు, ఈగలు. వాళ్లింట్లో కోడిగుడ్డు కూడా ఏనాడూ గడప దాటి రాలేదు. ఈ కంపులో మనుషులెలా బతుకుతారో అనుకుంటూ, ఇంటి నుంచి తెచ్చుకున్న చెంబులో నీళ్లు కూడా ముట్టకుండా, చీకటి పడగానే బస్తాల మీద నడుం వాల్చాడు.

నిద్ర పడితేనా! కాస్త దూరంలో పరిచిన చాపల మీద చేపలు తోకలు కొట్టుకుంటూనే ఉన్నాయి. టప్. టప్. జిగట జిగటగా, తడి చప్పుడు. చెవులు మూసుకుంటే కంపు ముక్కులో దూరుతోంది. ముక్కు మూసుకుంటే చప్పుడు చెవుల్లో దూరుతోంది.

ఎడ్లకు నీళ్లు పెట్టి, బండి తోలే మారప్ప లాంతరుతో తిరిగి వచ్చాడు. వీరరాఘవన్ విసురుగా లేచి బస్తా మీద కూర్చున్నాడు.

"ఏం మారప్పా, ఈ పాడు చేపలు తెల్లారేదాకా ఇట్లే కొట్టుకుంటాయా? థూ!"

"ఏ చేపలు సామీ?"

"అదో, ఆ చాపల మీదవి."

కావేరి చేపలు తిని పెరిగిన మారప్ప అటు చూసి, లాంతరు వత్తి తగ్గించేశాడు.

"సామీ, అవి కరువాడు. పొట్ట చీల్చి, పేగులు తీసి, ఉప్పేసి ఎండబెట్టినవి. చచ్చి వారమయింటుంది. లెయ్యండి, బండి కడతాను."

చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది.

వీరరాఘవన్ లేవబోయాడు. అప్పుడు, అతను కూర్చున్న బస్తా లోపల, చింతపండులో, ఒకటి తోక కొట్టుకుంది.