మీసం మీద పాకం

నజ్మియా చక్కెర మీటరు చూసి గుండె బాదుకుంది. మూడువందల నలభై!

“మళ్ళీ కునాఫా తిన్నావు కదూ?”

అబూ రాఫత్ తల దించుకున్నాడు. సబ్బు కార్ఖానాలో నలభై ఏళ్ళు పనిచేసి, నబ్లుస్ పాతబస్తీలో ఎవరికీ తల వంచని మనిషి! మీసం మీద పాకం మెరుస్తోంది. జేబులో ఆ మిఠాయి చుట్టిన, జున్ను మరకల కాగితం. ఇంకేం సాక్ష్యం కావాలి?

“ఒక్క ముక్కేనే,” అన్నాడు నంగిగా.

“ఒక్క ముక్కకే మీసం తడుస్తుందా? నన్ను విధవను చేస్తే గానీ నీ నాలుక చల్లబడదా?”

పది రోజులుగా ఇదే తంతు. ఇంట్లో రొట్టె ముట్టడు. బయట కునాఫా మెక్కి వచ్చినవాడికి రొట్టె ఏం రుచిస్తుంది? మండుటెండలో చెంపలు కనబడకుండా కఫియా రుమాలు చుట్టుకుని తిరుగుతాడు. దవడ ఆడటం ఎవరి కంటా పడకూడదు మరి. శుక్రవారం ఆమె తమ్ముడు, పళ్ళ డాక్టరు జవాద్, భోజనానికి వస్తే పెరటి గుమ్మంలోంచి జారుకున్నాడు. అక్కాతమ్ముళ్ళు కలిసి దులిపేస్తారని భయం!

నజ్మియా మిఠాయి కొట్టు మీదికీ వెళ్ళింది. “మా ఆయనకి ఇంకో ముక్క అమ్మావో, నీ పళ్ళెం నీ నెత్తినే బోర్లిస్తా!”

సందులో పిల్లులు మాత్రం ఈమధ్య బాగా బలిశాయి.

పదకొండో రోజు అబూ రాఫత్ ఒళ్ళు పెనంలా కాలిపోయింది. వాంతులు, ఆయాసం, మాట తడబాటు. నజ్మియా తిట్లన్నీ మరిచిపోయి, ఏడుస్తూ ఆసుపత్రికి చేర్చింది. చక్కెర నాలుగువందల ఎనభై.

సెలైన్ ఎక్కుతుంటే కాస్త కళ్ళు తెరిచాడు. డాక్టరు వచ్చాడు.

“అంతా ఆ కునాఫా వల్లే, డాక్టరుగారూ!” అంది నజ్మియా.

“అవునవును, కునాఫానే,” అబూ రాఫత్ మూలిగాడు, కఫియా ఇంకాస్త బిగించుకుంటూ.

“కునాఫా తింటే చలిజ్వరం రాదమ్మా. ఒంట్లో ఎక్కడో చీము పట్టింది. చీము పడితే చక్కెర ఇలాగే పేట్రేగుతుంది. ఇంకో పూట ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదు.”

డాక్టరు చటుక్కున కఫియా లాగేసరికి, నారింజకాయలా ఉబ్బిన దవడను రెండు చేతులా కప్పుకుంటూ అబూ రాఫత్ బావురుమన్నాడు: “కునాఫా అంతా పిల్లులకి పెట్టి, పాకం మీసానికి నేనే రాసుకున్నానే, నీ తమ్ముడి పటకారుకి మాత్రం నన్ను అప్పగించకు!”