పదకొండో అర్థం

"పళ్ళు రాలగొట్టడం టూత్ కింద రావాలి, హ్యాండ్ కింద కాదు," అంటూ ఎర్రకలం ఆ చీటీని అడ్డంగా కొట్టేసింది.

ఇంగ్లిషు-తెలుగు నిఘంటువు ఆఫీసులో ఆమెను అందరూ ఎర్రకలం అనే అంటారు. పంతొమ్మిదేళ్ళుగా అక్కడ ఉపసంపాదకురాలు. ఆమె కన్నుగప్పి ఒక్క అచ్చుతప్పు కూడా గడప దాటలేదు. ఇప్పుడు ఆమె బల్ల మీద ఉన్నది 'హ్యాండ్' అనే ఇంగ్లిషు మాట. చూడబోతే పిసరంత. కూర్చుంటే మూడు వారాలు మింగేసింది. చెయ్యి, హస్తం, కరం, పాణి అయ్యాయి. గడియారం ముల్లు, చేతిరాత, పనివాడు, పేకముక్కల వంతు, సాయం, అన్నీ అయ్యాయి. పది అర్థాలు శుభ్రంగా కుదిరాయి.

పదకొండోదే కొరకరాని కొయ్యగా మిగిలింది. కొట్టే చెయ్యి.

ఆ ఆఫీసులో ఉదాహరణలు సొంతంగా అల్లడానికి వీల్లేదు. ఎవరో ఎవరితోనో నిజంగా అన్న మాటై ఉండాలి. దాన్ని కనీసం ఇద్దరు విని ఉండాలి. అందుకే ప్రతి చీటీలో ఎప్పుడు, ఏ మాట, ఎవరు ఎవరితో అన్నారు అని రెండు వరసల గడులుంటాయి. పై వరస మొదట విన్నవాళ్ళకి, కింది వరస రెండో మనిషికి.

కొట్టే చేతికి వచ్చిన చీటీలన్నీ ఒకే ఒక్కడు పంపినవి. రైళ్ళలో గార్డుగా చేసి రిటైరైన పెద్దమనిషి. వారానికో కవరు పంపేవాడు. గార్డు బుద్ధి ఎక్కడికి పోతుంది? గంటా నిమిషమూ వేసి మరీ రాసేవాడు.

'సాయంత్రం 6.40. చెయ్యి పడిందంటే పళ్ళు రాలతాయ్. పక్కింటాయన, భార్యతో. గోడ ఇవతలి నుంచి విన్నాను.'

'ఉదయం 7.15. ఎదురు చెప్పావంటే ఆ చెయ్యి విరిచి పొయ్యిలో పెడతా. వాళ్ళే. ఆవిడ కేక వేసింది. నేను గోడ మీద గుద్దాను. ఆగింది. రెండు నిమిషాలకి మళ్ళీ మొదలు.'

'ఉదయం 7.20. చేతికేది దొరికితే దాంతో బాదుతా. వాళ్ళే. ఏదో బరువైనది వచ్చి గోడకు తగిలింది. మా వైపు పటం కిందపడి పగిలింది.'

కింది వరస మాత్రం అన్నిట్లోనూ ఖాళీ.

టైపు చేసే అమ్మాయి చీటీని రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది. "అమ్మో! ఏం విసిరాడో అక్కా?"

"ఇస్త్రీపెట్టె అయ్యుంటుంది."

"మీకెలా తెలుసు?"

"అవతల పటం పడాలంటే ఆమాత్రం బరువుండొద్దూ?"

"ఇలాంటివి చదువుతుంటే మీకు భయం వెయ్యదా?"

"అలవాటైపోయిందిలే. అయినా ఒకరింట్లో మాటలు గోడకి చెవి ఆనించి వినడం ఏం పని ఈయనకి? సీరియళ్ళు చూసి రాస్తున్నాడు."

మూడింటి మీదా 'కల్పితం' అన్న ముద్ర టపటపా గుద్ది, తిప్పి పంపేసింది.

ఆ వారం గడిచింది. 'హ్యాండ్' పేజీ ఆ రోజు సాయంత్రం నాలుగింటికి ప్రెస్సుకి వెళ్ళాలి. మధ్యాహ్నం గార్డు నుంచి మరో కవరు వచ్చింది. ఈసారి ప్రధాన సంపాదకుడే దాన్ని విప్పి, ఎర్రకలం బల్ల దగ్గర నిలబడి పైకి చదివాడు.

'అయ్యా, కల్పితమని మీరు తిప్పి పంపినవి అందాయి. పోలీసుల దగ్గరికీ వెళ్ళొచ్చాను. వాళ్ళొచ్చి తలుపు కొడితే ఆవిడే తీసిందట. ఏమీ లేదండీ, పక్కింటి ముసలాయనకి చెవుడు అందట. ముప్ఫై ఏళ్ళు ఇంజను కూత విని జెండా ఊపినవాణ్ణి. నా చెవులకేం ఢోకా లేదు. నిన్నటి మాట పంపుతున్నాను. ఇదీ కాదంటే ఇక రాయను. నా చీటీలు చదివేవారికి నమస్కారం.'

కవరులోంచి చీటీ తీసి, అదీ పైకి చదివి బల్ల మీద పెట్టాడు.

'సాయంత్రం 7.05. ఇవాళ కాకపోతే రేపు, నా చేతుల్లోనే చస్తావే. పక్కింటాయన, భార్యతో. తల గోడకేసి కొట్టిన చప్పుడు. మూడుసార్లు. ఆ తర్వాత ఆవిడ గొంతు వినపడలేదు.'

టైపు మిషను ఆగిపోయింది. "ఆవిడ బతికుందో లేదో సార్," అంది అమ్మాయి. కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

సంపాదకుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నాకూ నమ్మాలనే ఉందమ్మా. రెండో మనిషేడీ? మనకి నచ్చిందని నియమం సడలిస్తే రేపు ప్రతివాడూ నోటికొచ్చింది అల్లి పంపుతాడు." ఎర్రకలం వైపు తిరిగాడు. "ఏమ్మా, కొట్టేద్దామా? పది అర్థాలతో సరిపెట్టేద్దాం. ఆయన పేరు కూడా మన జాబితాలోంచి తీసెయ్. అబద్ధాలు రాసేవాడితో మనకెందుకు?"

అబద్ధాలు రాసేవాడు. ఆ ముద్ర గుద్దింది తనే. ఎర్రకలానికి తల కొట్టేసినట్టయింది. ఎవరూ అడక్కుండా, ఎవరూ నమ్మకపోయినా, ఆ ముసలాయన ఒక్కడే గోడ మీద గుద్దుతూ ఉన్నాడు. ఆమె వదులుగా ముడిచిన కొప్పును ఒకసారి తడుముకుని, కలం అందుకుంది.

"తీసెయ్యొద్దు సార్. విన్నవాళ్ళు ఇంకొకరున్నారు."

"ఎవరమ్మా? ఇన్నాళ్ళూ ఏమైపోయారు?"

ఆమె చీటీని దగ్గరకు లాక్కుని, కింది వరసలో 'ఎవరు, ఎవరితో అన్నారు?' అన్న గడి నింపింది: "మా ఆయన, నాతో."